సంతకం మాత్రం సార్‌ది

వసుంధరకి తన గురించి తాను చెప్పుకోవడం రాదు. ఈ లోపం వల్ల బాపట్ల నుంచి తెనాలి దాకా ఎవరికీ ఏ నష్టమూ కలగలేదు, ఆమెకి తప్ప. కొల్లిపరలో పుట్టి, తెనాలిలో పెరిగి, బాపట్ల వైపు ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్న ఈ ముప్పై రెండేళ్ల మనిషిని ఎవరైనా "బాగా చేశావమ్మా" అంటే చాలు, దొంగతనం అంటగట్టినట్టు కంగారుపడిపోతుంది. "అబ్బే, నాదేముందండీ" అని ఆ మెప్పుని పక్కవాళ్ల మీదికి తోసేదాకా ఊపిరాడదు. ఇంట్లో అలాగే పెంచారు, బళ్లో అలాగే మెచ్చుకున్నారు. అణకువ గల పిల్ల అని పేరు. ఆ పేరు పెళ్లిచూపులకి పనికొస్తుందేమో గానీ అంతరిక్ష నౌకలకి పనికిరాదని ఆమెకి కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆమె చేసే పని గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం అటూ ఇటూ జరగాలంటే దానికి చిన్న చిన్న ఇంజన్లు ఉంటాయి. వాటిలో దశాబ్దాలుగా పోస్తున్న ఇంధనం పరమ విషం. నింపే మనిషి తల నుంచి కాలి దాకా తొడుగు వేసుకుని మరీ నింపాలి. దాని బదులు ఆవిరీ ఆక్సిజనూ తప్ప మరేమీ మిగల్చని ఇంధనం వాడదామని ఇప్పుడు దేశాలన్నీ తంటాలు పడుతున్నాయి. హరిత ఇంధనం అంటారు దాన్ని. మనం గాయాలు కడుక్కునే పెరాక్సైడే, కాకపోతే బాగా చిక్కనిది. వెండి జాలీ గుండా పంపితే భగ్గున ఆవిరైపోయి ఇంజన్ని ముందుకి తోస్తుంది. చిక్కల్లా జాలీ చల్లగా ఉన్నప్పుడే. మొదటి నాలుగు సార్లూ ఇంజను సరిగా అందుకోక తడితడిగా దగ్గుతుంది.

నాలుగేళ్లు కూర్చుని వసుంధర ఆ దగ్గు మానిపించింది. ఒక్కటే మందపాటి జాలీ పెట్టకుండా, ముందు ఇట్టే వేడెక్కే పలచని పొర, దాని వెనక మెల్లగా మందమయ్యే పొరలు అమర్చింది. ఆ సంగతి అచ్చయిన వ్యాసంలో ఆమె పేరు నాలుగోది. మొదటిది గైడు భరద్వాజ గారిది, రెండోది శాఖాధిపతిది, మూడోది ప్రిన్సిపాల్‌ది. ఐదో పేరు కూడా ఎవరిదైనా ఉంటే వసుంధర ఇంకో మెట్టు దిగి ఉండేది, అభ్యంతరం చెప్పేది కాదు.

ఆ ఏడు వేసవిలో స్వీడన్‌లోని ఒక విశ్వవిద్యాలయం నుంచి ప్రకటన వచ్చింది. హరిత ఇంధనపు ఇంజన్ల మీద రెండేళ్ల పోస్ట్ డాక్టరల్ పరిశోధన. పీహెచ్‌డీ వచ్చి ఐదేళ్లు దాటకూడదు. వసుంధరకి డిసెంబరుతో ఐదేళ్లు నిండుతాయి. అంటే ఇది పోతే ఇలాంటి ల్యాబు మళ్లీ ఆమెని గుమ్మంలోకి కూడా రానివ్వదు, ఇక జన్మంతా రెండో సంవత్సరం పిల్లలకి థర్మోడైనమిక్స్ చెప్పుకోవడమే. ఆ ఉద్యోగం ఆమెకి కావాలి. పొద్దున కళ్లు తెరిస్తే అదే గుర్తొచ్చేటంతగా కావాలి. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు, తల్లితో కూడా.

దరఖాస్తుకి గైడు సిఫార్సు ఉత్తరం తప్పనిసరి. సెలవులు కాబట్టి భరద్వాజ గారు రేపల్లెలో సొంతింట్లో ఉన్నారు. తెనాలిలో రేపల్లె బండెక్కి వెళ్లింది వసుంధర. ఆమెతోపాటు సందీప్ కూడా వచ్చాడు. పిట్టలవానిపాలెం కుర్రాడు. అదే గైడు, అదే ల్యాబు, ఆమె కన్నా నాలుగేళ్లు వెనక పీహెచ్‌డీ. అతనూ అదే ఉద్యోగానికి పెడుతున్నాడు. పోటీదారులు ఒకే సీట్లో కూర్చుని ఒకే పొట్లంలో పల్లీలు తింటూ వెళ్లారంటే వాళ్లెలాంటివాళ్లో అర్థం చేసుకోవచ్చు.

భరద్వాజ గారు మనిషి మంచివారు. ఎవరికీ ఏ కాగితమూ కాదనరు. "సిఫార్సు ఉత్తరాలేగా, దానికింత దూరం రావాలా అమ్మా? మీ గురించి మీకన్నా నాకెక్కువ తెలుసా ఏంటి? మీరే రాసుకొచ్చేయండి, సంతకం పెట్టేస్తాను" అన్నారు, కాఫీలు ఇప్పించి.

ఇందులో బద్ధకం ఏమీ లేదు. ఆయన గైడు ఆయనకి అలాగే చేశారు, ఆ గైడుకి ఆయన గైడూ అంతే. ఎవరి పొగడ్త వాళ్లే రాసుకురావడం మా వైపు పరిశోధనలో తరతరాల ఆచారం. పైగా ల్యాబు కాలేజీ వెనక రేకుల షెడ్డులో ఉంది, సార్ గది ముందు మేడ మీద ఉంది, మధ్యలో బాపట్ల ఎండ ఉంది. ఎవరేం చేస్తున్నారో ఆయనకి తెలియకపోవడంలో ఆయన తప్పు కొంతే.

తిరుగు బండిలో ఇద్దరికీ గుండెల్లో రాయి పడింది. "అక్కా, నా అంతటి మేధావి లేడని నేనే రాసుకుంటే మా నాయన పడీపడీ నవ్వుతాడు. నా వల్ల కాదు" అన్నాడు సందీప్.

"నాకు బయోడేటాకే నాలుగు రోజులు పట్టిందిరా. అది కూడా నాన్న పేరు, పుట్టిన తేదీ లాంటివి కాబట్టి సరిపోయింది" అంది వసుంధర.

వేమూరు దాటేసరికి ఉపాయం తట్టింది. ఎవరికి తట్టిందో ఇద్దరికీ గుర్తులేదు. ఆమెది అతను రాయాలి, అతనిది ఆమె రాయాలి. ఎవరి డప్పు వాళ్లు కొట్టుకోనక్కర్లేదు, ఎవరికీ సిగ్గు లేదు. ఇద్దరూ తేలికపడి మిగతా పల్లీలు తినేశారు.

వసుంధర సందీప్ ఉత్తరం ఐదు రోజులు రాసింది. ఒక్క అబద్ధం రాయలేదు. నిజానికి అతను ల్యాబులో చేసిన గట్టి పని ఒక్కటే: ద్రవాన్ని జాలీ మీద సమంగా జల్లే సన్న రంధ్రాల పళ్లెం. తక్కిన కాలం కూడా కష్టపడ్డాడు గానీ ఆ కష్టం క్రికెట్ జట్టు మీద. ఆ పళ్లెం ఎందుకు కావలసి వచ్చిందో, అది లేకపోతే ఏమయ్యేదో, అతను ఎన్నిసార్లు విఫలమై ఏం నేర్చుకున్నాడో విడమరిచి రాసింది. చదివినవాడికి ఆ పళ్లెం లేకుండా మానవజాతి ఇన్నాళ్లూ ఎలా బతికిందా అనిపిస్తుంది. మధ్యలో ఒకచోట, "ఇతను చేరేనాటికే మా ల్యాబులో పొరల జాలీ సిద్ధమై ఉంది" అని ఒక్క వాక్యం వచ్చింది. సిద్ధం చేసిందెవరో రాయలేదు. వేరొకరి ఉత్తరంలో తన పేరు దూర్చడం ఏం మర్యాద?

సందీప్ ఆమె ఉత్తరం ఒక్క సాయంత్రంలో రాశాడు, కళ్లనీళ్లు తుడుచుకుంటూ రాశాడు. "చదువక్కా, నా మనసంతా పెట్టాను" అని ఇవ్వబోతే ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దురా. అభ్యర్థి చూడకూడదని వాళ్ల నిబంధనల్లో ఉంది."

అభ్యర్థి రాయకూడదని కూడా ఉందేమో ఆమె వెతకలేదు. ఏమైతేనేం, ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క నిబంధననైనా పాటించిన మనిషి ఆమె ఒక్కతే. రెండు ఉత్తరాలూ సందీపే రేపల్లె పట్టుకెళ్లాడు. సార్ తనే రాసినట్టుగా ఒకటి పైపైన తిరగేసి, "నా ఇంగ్లీషు ఇంకా పదునుగానే ఉందిరా" అన్నారట.

ఆగస్టులో ఇంటర్వ్యూ. తెనాలి ఇంట్లో ముందు గదిలో లాప్‌టాప్ పెట్టుకుని, ఫ్యాను శబ్దం వినపడకుండా ఆపేసి, చెమటలు కక్కుతూ కూర్చుంది వసుంధర. తెర మీద ముగ్గురు. మధ్యలో తెల్లజుట్టు ప్రొఫెసర్ ఆస్ట్రిడ్ అనే ఆవిడ. మొదట పెరాక్సైడు గురించి అడిగారు, జాలీ గురించి అడిగారు, అన్నిటికీ టకటకా చెప్పింది. చివరికి ఆస్ట్రిడ్ గారు కళ్లజోడు సర్దుకుని, "ఈ పొరల అమరికలో మీరు స్వయంగా చేసింది ఏమిటి?" అని అడిగారు.

అదే తలుపు. గడియ కూడా వాళ్లే తీసి పెట్టారు. వసుంధర ఏం చేసిందంటే, కాలేజీ వార్షికోత్సవంలో చివర చేసే వందన సమర్పణ లాంటిది చేసింది. గైడు గారి ఆశీస్సులు లేనిదే ఏదీ జరిగేది కాదంది. శాఖాధిపతి గారి ప్రోత్సాహం, ప్రిన్సిపాల్ గారి ఔదార్యం మరువలేనివంది. జాలీ ముక్కలు కత్తిరించిన టెక్నీషియన్ కొండయ్య గారి ఓర్పుని రెండు నిమిషాలు కొనియాడింది. తోటి పరిశోధకుడు సందీప్ చేసిన పళ్లేన్ని కూడా వదల్లేదు. ఆస్ట్రిడ్ గారు ఇంకా ఏదో వస్తుందని కాసేపు ఎదురుచూసి, ధన్యవాదాలు చెప్పి తెర కట్టేశారు.

తలుపు చాటున వింటున్న తల్లి మజ్జిగ గ్లాసుతో వచ్చింది. "ఎంత పద్ధతిగా మాట్లాడావే! ఒక్కర్ని మర్చిపోలేదు" అని మురిసిపోయింది.

పది రోజులకి ఫలితం వచ్చింది. ఉద్యోగం సందీప్‌కి. వసుంధరకి వచ్చిన జాబు చాలా మర్యాదగా ఉంది. 'మీ సహనం, సమయపాలన, పెద్దల పట్ల మీ గౌరవం మమ్మల్ని ఎంతో ఆకట్టుకున్నాయి. మా ల్యాబు నిర్వహణలో సహాయకుల ఖాళీ ఏర్పడితే తప్పక మిమ్మల్ని గుర్తుంచుకుంటాం' అని ఉంది. తన సహనం సంగతి స్వీడన్‌లో ఎలా తెలిసిందో ఆమెకి అంతుపట్టలేదు. బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని సందీప్‌కి ఫోన్ చేసి అభినందించింది. పాపం, అది కూడా మనస్ఫూర్తిగానే.

అక్కడితో ఆగిపోతే బాగుండేది. వారం గడిచాక రేపల్లె నుంచి భరద్వాజ గారి ఫోను. గొంతులో పండగ వినిపిస్తోంది.

"అమ్మా వసుంధరా, స్వీడన్ వాళ్లు నా ఉత్తరం చదివి ముగ్ధులైపోయారమ్మా! పొరల జాలీ అని నేనేదో ఒక్క వాక్యం రాశానంట, దాని గురించి నాతో వివరంగా మాట్లాడాలంట. గురువారం మధ్యాహ్నం రెండింటికి. నువ్వొచ్చి పక్కన కూర్చోవాలి."

"నేనా సార్?"

"కెమెరాలో పడకుండానేలే. వాళ్లేదైనా అడిగితే నువ్వు కాగితం మీద రాసి చూపించు, నేను చెప్పేస్తాను. పెద్ద అక్షరాలతో రాయమ్మా, కళ్లజోడు మార్చాలి."

వసుంధర గురువారం రేపల్లె వెళ్లింది. ఎందుకు వెళ్లిందని అడక్కండి. సార్ రమ్మన్నారు, వెళ్లింది. ఆయన ఇంకా భోజనం దగ్గర ఉన్నారు. బల్ల మీద ఫైలు తెరిచి ఉంది, పైన తన పేరున్న ఉత్తరం కనిపిస్తోంది. ఉద్యోగమే పోయాక ఇంకా రహస్యం ఏమిటనుకుని చదివింది.

'వసుంధర గారు ఉత్తమురాలు. ఎనిమిదేళ్లలో ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు. ఎవరికీ ఎదురు చెప్పి ఎరగరు. ల్యాబు తాళం ఆమె దగ్గరే ఉంటుంది, ఒక్కసారి పోగొట్టలేదు. జూనియర్లకి సొంత అక్క లాంటివారు. ఎవరికి జ్వరమొచ్చినా ఇంటి నుంచి చారు తెచ్చి ఇస్తారు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. మంచి కుటుంబం. పెద్దల ముందు కుర్చీలో కూర్చోరు. ఇంత అణకువ ఈ రోజుల్లో చూడలేదు.' కింద భరద్వాజ గారి సంతకం, డాక్టరేట్లతో సహా. జాలీ మాట ఎక్కడా లేదు. ఇంజను మాట లేదు. ఆ ఉత్తరంతో ఆమెకి మంచి సంబంధం కుదురుతుంది, అత్తగారు కూడా మెచ్చుకుంటుంది.

వసుంధర వరండాలోకి వెళ్లి సందీప్‌కి ఫోన్ చేసింది. ఇంతకాలం ఎవరి మీదా రాని కోపం వాడి మీద వచ్చింది.

"ఏంట్రా ఇది? ఇదేనా నువ్వు రాసింది?"

"చదివావా అక్కా? అందులో ఒక్క అబద్ధముంటే చెప్పు. చారు సంగతి రాస్తుంటే నాకు ఏడుపొచ్చేసింది తెలుసా?"

"జాలీ గురించి ఎందుకు రాయలేదు?"

"దాని గురించి నాకంత తెలీదు కదక్కా, తప్పు రాస్తే నీకే నష్టం. మంచితనం నువ్వు చెప్పుకోలేవు, అది నేను రాశాను. జాలీ సంగతంటావా, ఇంటర్వ్యూలో ఎలాగూ అడుగుతారు, నువ్వే చెప్తావనుకున్నా. అడగలేదా?"

"అడిగారు" అంది.

"మరి ఏం చెప్పావ్?"

ఆమె ఫోన్ పెట్టేసింది. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియకుండా పోయింది. వాడు గొంతు కోశాడనుకుందామంటే, అదే కత్తితో తను ముందే కోసుకుని ఉంది.

రెండయింది. భరద్వాజ గారు కోటు తొడుక్కుని కెమెరా ముందు కూర్చున్నారు. వసుంధర కుర్చీ బీరువా పక్కన, తెరకి అందనంత దూరంలో. చేతిలో తెల్లకాగితాలు, లావు పెన్ను. ఆస్ట్రిడ్ గారు మొదటి ప్రశ్న అడిగారు. వసుంధర రాసి చూపించింది, సార్ ఠీవిగా చదివారు. రెండోదీ అలాగే నడిచింది. మూడో ప్రశ్నకి ఆవిడ ముందుకి వంగారు.

"మొదటి పొర అంత పలచగా ఉంటే కొన్నాళ్లకి చిరిగిపోవాలి కదా ప్రొఫెసర్? మీరు దాన్ని ఎలా ఆపారు?"

వసుంధర పెన్ను పైకెత్తింది. ఆ ఒక్క ప్రశ్న కోసం పదకొండు నెలలు పట్టింది ఆమెకి. ఎన్ని జాలీలు చిరిగాయో, ఏ రోజు చిరగకుండా నిలిచిందో, ఆ సాయంత్రం షెడ్డులో ఒక్కతే ఎలా నవ్వుకుందో అంతా కళ్ల ముందు కదిలింది. అది పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద పట్టదు. భరద్వాజ గారు కళ్లు చికిలించి ఆమె వైపే చూస్తున్నారు. "అది... మా దగ్గర... ఒక విధమైన..." అంటున్నారు. స్వీడన్ ఎదురుచూస్తోంది.

వసుంధర కుర్చీ లాక్కుని కెమెరా ముందుకి వచ్చింది. సార్ పక్కకి జరగాల్సి వచ్చింది.

"అది నేను చేశానండి. పొరల జాలీ మొత్తం నాది. చిరగకుండా ఎలా ఆపానో చెప్తాను" అంది. ఇరవై నిమిషాలు చెప్పింది. మధ్యలో ఎవరికీ కృతజ్ఞతలు చెప్పలేదు, కొండయ్యకి తప్ప. అతనికి అవి న్యాయంగానే రావాలి.

ఆస్ట్రిడ్ గారు అంతా రాసుకుని తలెత్తారు. "మరి ఇంటర్వ్యూలో ఇదే కదా నేను అడిగింది?"

"మర్యాదకి అడిగారనుకున్నానండి."

"మేము మర్యాదకి ప్రశ్నలు అడగం" అన్నారావిడ, కొంచెం అయోమయంగా. తర్వాత అసలు సంగతి చెప్పారు. ఈ జాలీ మీదే ఇంకొక పోస్టు మంజూరైంది, అక్టోబరులో చేరాలి. ఎవరిని పిలవాలో తెలియకే ప్రొఫెసర్ గారితో మాట్లాడుతున్నారు. ఏ పని ఎవరు చేశారో వరుసగా ఒక పేజీలో రాసి, గైడు సంతకంతో ఈ సాయంత్రంలోగా పంపమన్నారు. అది చూసి నిర్ణయిస్తారు.

తెర నల్లబడింది. భరద్వాజ గారు కోటు విప్పి కుర్చీకి తగిలించారు. ఆయన మొహంలో కోపం కన్నా బాధే ఎక్కువ ఉంది, అది నటన కాదు.

"నేను, నేను అని అలా అనొచ్చా అమ్మా? పరాయిదేశం వాళ్ల ముందు? అణకువ గల పిల్లవని రాసి సంతకం పెట్టాను నేను. ఇన్నేళ్లలో నా సంతకం కింద అబద్ధం పడలేదు. ఇవాళ పడింది."

ఎప్పటి వసుంధర అయితే ఆ మాటకి కాళ్ల మీద పడేది. ఇప్పుడు కూడా లోపల ఏదో వంగబోయింది. దాన్ని అలాగే పట్టుకుని, ఆయన ఎదుట కుర్చీలోనే కూర్చుని పేజీ రాసింది. రంధ్రాల పళ్లెం: సందీప్. జాలీ కత్తిరింపు: కొండయ్య. పొరల అమరిక: వసుంధర. చిరగకుండా పూత: వసుంధర. చల్లని ఇంజను మీద నాలుగు వందల పరీక్షలు: వసుంధర. తన పేరు మూడోసారి రాసేటప్పుడు చెవులు వేడెక్కాయి. అయినా కొట్టేయలేదు. ఆ కాగితం ఆయన ముందు పెట్టింది.

భరద్వాజ గారు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశారు. "నా పేరు ఎక్కడా లేదేంటమ్మా?"

"సంతకం మీదే కదా సార్."

"అది సరే. పోనీ, 'నా పర్యవేక్షణలో' అని ఒక్క ముక్క చేర్చుకుంటాను. అందులో నీకు పోయేదేముంది?"

"చేర్చండి సార్" అంది వసుంధర, ఎంతో వినయంగా. "షెడ్డుకి ఏ రోజు వచ్చి చూశారో, ఆ తేదీ కూడా పక్కన వెయ్యండి."

ఆయన పెన్ను మూత తీశారు. తేదీ కోసం చాలాసేపు ఆలోచించారు. ఆమె తొందరపెట్టలేదు, మాట సాయమూ చేయలేదు. చివరికి ఏమీ చేర్చకుండా సంతకం పెట్టి, కాగితం ఆమె వైపు జరిపారు.